రెండంగుళాల పైపు, సగం బొట్టు

గిరీష్ చచ్చిపొయ్యిన కారు డిక్కీ నేను ఎత్తినప్పుడు టైము పొద్దన్నే ఎనిమిదీ నలభై. నాకు ఇచ్చిందే ఇరవై నిమిషాలు. పుంగనూరులో మూతబడిన ఒక రైసుమిల్లు ఆవరణలో ఆ బండిని పెట్టి, గేటు తావ కానిస్టేబుల్ని కూసోబెట్టినారు. సన్నగా తుంపర పడతాండాది.

జరిగింది ఇదీ. గిరీష్‌కి ముప్పై ఒక్క ఏడు. టమోటా నారు పెంచి అమ్మే మనిషి. మంగళవారం పొద్దన్నే ఆరుంబావుకి ఇంట్లో బయల్దేరి మదనపల్లికి పోతాండాడు. పదకొండో కిలోమీటరు రాయి తావ బండి పక్కకి తీసి, ఆరూ ముప్పై ఐదుకి పెండ్లాం సౌమ్యకి ఫోను చేసినాడు. "తల పట్టేసినట్టుండాది, పది నిమిషాలు కండ్లు మూసుకుంటా" అన్నాడు. ఏడూ నలభైకి పాలవ్యాను ఆయన సూసేసరికి అద్దాలన్నీ ఎక్కించి ఉండాయి, ఇంజను తిరుగుతానే ఉండాది, మనిషిలో ప్రాణం లేదు.

పొగ అన్నారు డాక్టర్లు. ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ అని ఒక గ్యాసు ఉంటాది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్ర వస్తాండాది అనుకుంటాం, అంతే.

ముందురోజు సోమవారం కుప్పంలో మునిశేఖర్ అనే మెకానిక్కు ఆ కారుకి కొత్త సైలెన్సర్ పైపు వేసినాడు. పోలీసోళ్లు ఆయన్ని పట్టుకుని పొయినారు. ఈపొద్దు సాయంత్రం ఐదున్నరకి మదనపల్లిలో కోర్టుకి పెడతారు. మునిశేఖర్ అమ్మ బయ్యమ్మ నిన్న నా ఆపీసుకొచ్చి, కుర్చీ సూపించినా కూసోకుండా నిలబడే మాట్లాడింది. "నా కొడుకు తప్పు చేసుంటే జైల్లో పెట్టించప్పా. చెయ్యకుంటే ఇంటికి పంపించు" అనింది. ఇరవై రెండేండ్లుగా డిటెక్టివ్ పని చేస్తాండా, ఇట్లాంటి కక్షిదారు నాకు రాలా.

డిక్కీలో పరిచిన మ్యాటు ఎత్తినా. కింద రేకుకి మూడు రంధ్రాలు ఉంటాయి, నీళ్లు దిగేదానికి. వాటికి రబ్బరు బిరడాలు బిగించి ఉంటారు. ఎడం పక్కదానికి ఉండాది. నడిమిదానికి ఉండాది. కుడి పక్కది నోరు తెరుచుకుని ఉండాది, దాని గుండా కింద నేల కనపడతాండాది. సరిగ్గా దాని కిందనే సైలెన్సర్ పైపు జాయింటు.

"సూసినావా ఈశ్వరప్పా? ఇంగేం ఉండాది సూసేదానికి."

వెనక్కి తిరక్కుండానే గొంతు గుర్తుపట్టినా. రెడ్డెప్ప. ఇన్సూరెన్సు కంపెనీ తరపున ఎంక్వైరీ చేసే మనిషి. ఒకప్పుడు నేనూ ఆయనా ఒకే ఆపీసులో పక్కపక్క టేబుళ్లు. తెల్లచొక్కా, చెక్కపిడి నల్లగొడుగు. ఆయన పక్కన సౌమ్య నిలబడి ఉండాది. మూడు రోజులుగా నిద్ర లేని మొహం.

"మెకానిక్కు బిరడా మర్చిపొయినాడు, పొగ లోపలికొచ్చింది, మనిషి పొయినాడు" అన్నాడు రెడ్డెప్ప. "మూడు లైన్ల రిపోర్టు. నువ్వు దీన్ని ముప్పై పేజీలు చేస్తావు. అందుకే నీకు ఆపీసులో ఫ్యాను కూడా తిరగదు."

"నా ఫ్యాను సంగతి సరే. ఈ పసుపు ఏమిటి సెప్పు."

వంగి సూసినాడు. ఎడం పక్క బిరడా అంచున చిటికెన గోరంత పసుపు బొట్టు ఉండాది, సగం రబ్బరు మీద, సగం రేకు మీద. నడిమిదానికీ అట్లే. కుడి పక్క రంధ్రం అంచున రేకు మీద సగం బొట్టే ఉండాది, కోసినట్టు. మిగతా సగం ఉండాల్సిన చోట గాలి.

"పెయింటు" అన్నాడు.

గోటితో గీకినా. రాలా. ముక్కు తావ పెట్టుకున్నా. ఆముదం వాసన.

"ఈ సగం యాడ పొయింది రెడ్డెప్పా?"

"రోడ్డు మీద ఊడి పడుంటాది. సగం బొట్టు సూపించి జడ్జిని భయపెడతావా? ఆయన బొట్లు రోజూ సూస్తాడు."

కానిస్టేబుల్ నవ్వినాడు. నేను ఫోన్లో ఫోటో తీసుకుని, గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరినా. జాయింటు బిగించే క్లాంపు వేలు దూరేంత వదులుగా ఉండాది. దాని నట్టు మీద కొత్తగా పానా జారిన గీత తళతళ మెరస్తాండాది. రంధ్రం అంచున కింది పక్క పటకారుతో పట్టిన రెండు గాట్లు. పైనుంచి చేతులు పెట్టినోడు కాదు, కింద నిలబడి పీకినోడు. ఆ పీకినోడు దీన్ని కోపంలో చెయ్యలా, నిమ్మళంగా కొలతేసుకుని చేసినాడు.

లేచి ముందు తలుపు తీసినా. లోపల గప్పుమని నిమ్మకాయ వాసన. బంపర్‌కి దిష్టికి కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు ఎండిపొయి ఉండాయి. ఆ వాసనే అనుకున్నా.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఆ పొద్దు నేను చేసిన మొదటి తప్పు అది.

"సారూ" అనింది సౌమ్య, రెడ్డెప్ప కానిస్టేబుల్‌తో మాట్లాడతాంటే. కొంగు చాటునుంచి చిన్న నోటుబుక్కు తీసి నా చేతిలో పెట్టింది. "ఆయన రాసుకునేది. పైపుల లెక్క. ఆ పొద్దు ఒక సంచిలో ఇనప డబ్బా మాదిరిది తీసుకుని పొయినాడు. బండిలో ఆ సంచి లేదంట."

"ఎవురు చెప్పినారు లేదని?"

"ఆయనే" అని రెడ్డెప్ప వైపు సూసింది.

నేను బండెక్కతాంటే రెడ్డెప్ప గొడుగు అడ్డం పెట్టినాడు. "ఇప్పుడు యాడికి?"

"కుప్పం."

"నాలుగ్గంటలు పోనూరానూ. ఐదున్నరకి వస్తావా?"

"వస్తా."

"దావ జాగ్రత్త. వయసైంది మనకి" అన్నాడు. 

*

కుప్పం షెడ్డుకి పొయ్యేసరికి పన్నెండు దాటింది. దావలో ఒక చోట బండి ఆపి గిరీష్ నోటుబుక్కు రెండుసార్లు చదివినా. చదువుతాంటే ఆ పిల్లోడు పక్కన కూసోని చెప్తాండినట్టే ఉండాది.

ఆయనకి బండి పికప్పు పిచ్చి. పుంగనూరు బయట ఒక ఎత్తు దావ పెట్టుకుని, మూడో గేరులో నలభై స్పీడు నుంచి ఎనభైకి ఎన్ని సెకన్లకి పోతాదో ప్రతి ఆదివారం ఫోన్లో టైము పట్టినాడు. కంపెనీ పైపుతో పద్నాలుగు సెకన్లు. తరవాత పుంగనూరులోనే కార్ల సామాన్ల షాపు జయచంద్ర మాట విని రెండున్నర అంగుళాల పెద్ద పైపు వేయించినాడు. శబ్దం పులి మాదిరి వచ్చింది. టైము మాత్రం పదహారు. దాని కింద ఆయన రాసుకున్న మాట: "అరుపు పెరిగింది, పరుగు తగ్గింది. యాల?"

యాల అంటే నాకు తెలుసు, ఈ పనిలోకి రాకముందు నేను కూడా సైలెన్సర్లకి వెల్డింగ్ కొట్టినోణ్ణే. బోరు నీళ్లు రెండంగుళాల పైపులో ఎగిరి దూకుతాయి. అవే నీళ్లని ఆరంగుళాల పైపులోకి వదిలితే ఏడస్తా వస్తాయి. పొగ కూడా అంతే. చిన్న ఇంజనుకి పెద్ద పైపు వేస్తే పొగ నెమ్మదిస్తాది, వెనకాల పొగ దూరేదానికి సందు ఉండదు, ఎత్తులో బండి మూలగతాది. ఇంజను ఎంతో పైపు అంతే ఉండల్ల. జనం చెవితో పైపు కొంటారు, అదే తప్పు.

చివరి పేజీలో సోమవారం పట్టిన టైము ఒక్కటే, దాని ముందు పేజీ ఆదివారంది. "జయచంద్ర నా పాత క్యాట్ డబ్బా తిరిగిచ్చినాడు. ఊపి సూస్తే వట్టిది. లోపలిది లేదు. ఇంకా ఎంతమందికి ఇట్ల చేసినాడో. మంగళవారం మదనపల్లికి పోయి కంప్లైంటు ఇస్తా. సోమవారం కుప్పంలో రెండంగుళాల పైపు."

క్యాట్ అంటే సైలెన్సర్ దావలో కంపెనీ వేసే ఒక ఇనప డబ్బా. విషం పొగని శుద్ధి చేసేదానికి దాంట్లో బంగారం మాదిరి ఖరీదైన లోహం పూసుంటారు. "ఇది తీసేస్తే పికప్పు పెరుగుతాది సార్" అని చెప్పి, తీసి, లోపలిది అమ్ముకునేవాళ్లు ఉండారు. నా కారుకీ ఎనిమిదేండ్ల కింద ఒకడు అట్లే చెప్పి తీసినాడు. నేనూ తల ఊపినా. ఆ పొద్దు ఆ తల ఊపుడుకి బదులు చెప్పాల్సి వస్తాదని నాకు తెలీదు.

షెడ్డులో బయ్యమ్మ ఒక్కతే ఉండాది. కొడుకు పానాలన్నీ గుడ్డతో తుడిచి వరసగా పెట్టింది.

"అమ్మా, గిరీష్ బండి డిక్కీలో పసుపు ఎవురు పెట్టింది?"

"నేనే. మా షెడ్డులో పని జరిగిన బండికి బొట్టు పెట్టకుండా పంపం నాయనా."

"రంధ్రాలకి యాల? బండి ముందర పెడతారు గదా."

లేచి, గూట్లోంచి చిన్న కొబ్బరిచిప్ప తెచ్చింది. దాంట్లో పసుపు ముద్ద. "మా ఆయన మునిస్వామి పెట్టిన అలవాటిది. పైపు వేసినాక బిరడాలు మూడూ కొత్తగా అంటించి, సగం రబ్బరు మీదా సగం రేకు మీదా బొట్టు పెట్టేది. దేవుడికి దేవుడు, సీలుకి సీలు. ఆముదంలో కలిపింది, నీళ్లు పోసినా పోదు. సబ్బుకి కూడా రెండు రోజులు పోదు. ఎవురన్నా పీకితే సగం ఈడ ఉంటాది, సగం ఆడికి పోతాది."

నేను ఫోటో సూపించినా. ఫోను దగ్గరికి పెట్టుకుని నిండాసేపు సూసింది.

"కుడి పక్కది నేను పెట్టేటప్పుడు బిరడా ఉండాదప్పా. గాలి మీద బొట్టు పెడతానా?"

ఆ ఒక్క మాటతో ఆమె కొడుకు బయటికి వచ్చినట్టే. మునిశేఖర్ షెడ్డు దాటేటప్పుడు బిరడా ఉండాది. సోమవారం సాయంత్రం బండి ఈడనుంచి పొయిన నాలుక్కీ, మంగళవారం పొద్దన్న ఆరుంబావుకీ నడాన దాన్ని ఎవుడో పీకినాడు. కింద నిలబడి పీకల్లంటే కారుని పైకెత్తే లిఫ్టు కావల్ల. కిందనుంచి పీకినోడికి పైనుండే పసుపు కనపడదు.

"గిరీష్ పొయ్యేటప్పుడు ఏమన్నా అన్నాడామ్మా?"

"పుంగనూరులో జయచంద్ర షాపు తావ ఆగి, మొహం మీదే అడిగి పోతానన్నాడు. వద్దులేప్పా అన్నాడు మావోడు. విన్లా."

"నువ్వు నాతో మదనపల్లికి రావల్ల. ఇదే మాట ఐదున్నరలోపల చెప్పల్ల."

"వస్తా. ఉండు."

నా పాత కారు డిక్కీ తీయించి, మ్యాటు ఎత్తించి, మూడు బిరడాలకీ బొట్లు పెట్టింది. మా షెడ్డు ముందర నిలబడిన బండి అట్లే పోగూడదు అనింది. డ్యాష్‌బోర్డు మీద ఒక పచ్చి నిమ్మకాయ కూడా పెట్టింది. నేను టైము సూసుకుంటా గొణుక్కున్నా. ఒంటిగంటా పది అయింది.

*

పుంగనూరులో జయచంద్ర షాపు మూడూ పదికి. నేరుగా మదనపల్లికి పొయ్యుండొచ్చు. పోలా. కొడుకుని విడిపించేదానికి బొట్టు చాలు, పీకినోణ్ణి పట్టుకునేదానికి చాలదు. ఇరవై నిమిషాలు వాణ్ణి కదిలిస్తే ఏదో ఒకటి జారుతాది అనుకున్నా.

నలభై ఏండ్లుంటాయి జయచంద్రకి. నున్నగా గీసిన గడ్డం, మెత్తని మాట. గోడకంతా తళతళలాడే సైలెన్సర్లు వేలాడతాండాయి, తుపాకులు వేలాడదీసినట్టు. బయ్యమ్మని లోపల బెంచీ మీద కూసోబెట్టి టీ తెప్పించినాడు.

"రండి సార్. కుప్పం నుంచి ఎంతసేపు పట్టింది?"

బయ్యమ్మని సూసి అన్నాడేమో అనుకున్నా. ఆమె నాకు తెలుసుగానీ ఆయనకి తెలీదు. ఆ ఆలోచన నాకు ఆలస్యంగా వచ్చింది.

"గిరీష్ సోమవారం నీ షాపుకి ఎన్ని గంటలకి వచ్చినాడు?"

"వచ్చినాడా? నాకు గుర్తు లేదు సార్. రోజూ ముప్పైమంది వస్తారు."

"నువ్వేసిన రెండున్నర అంగుళాల పైపు తీసేసి రెండంగుళాలది వేయించుకున్నాడు. కోపం రాలేదా నీకు?"

"కోపం యాల సార్. వాడి ఇంజను, వాడి ఇష్టం. పెద్ద పైపు స్టైలు. చిన్న పైపు..." నవ్వినాడు. "ముసలోళ్లది."

"పన్నెండున్నర సెకన్లు."

నవ్వు ఆగింది. "ఏమి?"

"చిన్న పైపుతో గిరీష్ కారు పట్టిన టైము. కుప్పం నుంచి వస్తా సోమవారమే పట్టి రాసుకున్నాడు. నీదానికి పదహారు. నోటుబుక్కులో ఉండాది. ఇంకొకటి కూడా ఉండాది. వట్టి డబ్బా సంగతి."

ఆ మాట అన్నప్పుడు నేను ఆయన కండ్లే సూస్తాండా. రెప్ప కొట్టలా. "ఆ నోటుబుక్కు మీ దగ్గర ఉండాదా సార్" అని మెల్లగా అడిగినాడు.

అప్పుడే బయట టమోటా లారీ హారను కొట్టింది. మళ్లీ కొట్టింది. నా కారు దావకి అడ్డం ఉండాది.

"తాళం ఇయ్యండి సార్, నేనే పక్కకి పెట్టేసి వస్తా. మీరు టీ తాగండి."

ఇచ్చినా. ఇరవై రెండేండ్ల అనుభవం ఉండాదని ఇందాక గొప్పగా చెప్పినా గదా, ఆ చేత్తోనే ఇచ్చినా. లారీ హారను అట్లాంటిది, చెయ్యి దానంతట అదే జోబీలోకి పోతాది.

మూడూ ఇరవై ఐదుకి పొయినాడు. నేను బయ్యమ్మతో మాట్లాడతా టైము సూసినా, మూడూ ముప్పై. మళ్లీ సూసినా, ముప్పై నాలుగు. షాపు వెనకాల ఎక్కడో బుస్సుమని గాలి వదిలిన శబ్దం వచ్చింది. టైర్లకి గాలి పడతాండారనుకున్నా. ముప్పై ఏడుకి వచ్చినాడు, చేతులు గుడ్డతో తుడుచుకుంటా.

"వెనకాల సందులో పెట్టినా సార్. తుంపరకి అద్దాలు మబ్బేసినాయి, తుడిచినా." తాళం ఇచ్చినాడు. బొటనవేలికీ పక్క వేలికీ పచ్చగా ఉండాది. "మజ్జాన్నం చిత్రాన్నం సార్. వదలదు ఈ పసుపు."

"గిరీష్ సోమవారం ఈడికి వచ్చినాడని నాకు సాక్షి ఉండాది జయచంద్రా."

"అట్లనా. అయితే కోర్టులో మాట్లాడుకుందాం సార్" అన్నాడు, తలుపు దాకా వచ్చి. "వాన పెద్దదయ్యేలా ఉండాది. అద్దాలు ఎక్కించుకుని పోండి. పెద్దామె తడస్తాది."

*

మూడూ నలభై రెండుకి బయల్దేరినాం. ఊరు దాటేసరికి వాన కొట్టడం మొదలుపెట్టింది. అద్దాలు ఎక్కించినా. లోపల గప్పుమని నిమ్మకాయ వాసన. బయ్యమ్మ పెట్టిన కాయ ముందర దొర్లతాండాది. మంచి వాసన అనుకున్నా.

"నా కొడుకుని ఈపొద్దే పంపిస్తారా నాయనా?"

"నువ్వు చెప్పేది వింటే ఆలోచిస్తారమ్మా."

"వాడికి బెల్లం టీ అంటే ఇష్టం. ఆడ ఇస్తారో లేదో."

ఐదో కిలోమీటరు రాయి దాటింది. ఏడు. కనుబొమల నడాన ఎవురో బొటనవేలు పెట్టి నొక్కినట్టుండాది. పొద్దన్నించి తినలేదు గదా అనుకున్నా. వైపర్లు అటూ ఇటూ పోతాంటే సూస్తానే ఉండాలనిపిస్తాండాది. తొమ్మిది. బయ్యమ్మ మాట్లాడేది ఆపింది.

"ఏమ్మా, నిద్దరొచ్చిందా?"

"లేదప్పా. తల పట్టేసినట్టుండాది. ఒక నిమిషం కండ్లు మూసుకుంటా."

ఆ మాట నేను ఇంతకుముందు యాడనో విన్నా. యాడ అని వెతుక్కుంటా ఇంకో అర కిలోమీటరు పోనిచ్చినా. మెదడు బురదలో టైరు మాదిరి తిరుగుతాండాది. నిమ్మకాయ దొర్లి గేరు తావకి వచ్చింది. చేతిలోకి తీసుకున్నా. పచ్చికాయ. గాటు కూడా లేదు. ముక్కు తావ పెట్టుకున్నా.

కొయ్యని నిమ్మకాయ ఇంత వాసన యాల వస్తాది?

బ్రేకు తొక్కినా. బండి పక్కకి జారి ఆగింది. తలుపు తోసి కింద పడినా, మోకాళ్ల మీద. వాన మొహాన కొట్టినాక గానీ గాలి లోపలికి పోలా. పాక్కుంటా అటు పక్కకి పొయి బయ్యమ్మని రెక్క పట్టుకుని బయటికి లాగినా. ఆమె పెదాలు, చెంపలు ఎర్రగా ఉండాయి. గోళ్లు కూడా. గిరీష్ మొహం అట్లే ఎర్రగా ఉండాదని డాక్టరు రాసినాడు.

"అమ్మా. బయ్యమ్మా. కండ్లు తెరువు."

తెరవలా. ఊపిరి ఉండాది, లెక్కపెట్టుకునేంత దూరం దూరంగా. రోడ్డు పక్కన రాయికి ఆనించి కూసోబెట్టినా. ఆ రాయి మీద పది అని రాసుండాది.

నూట ఎనిమిదికి కొట్టినా. ఇరవై ఐదు నిమిషాలు అన్నారు. టమోటా వ్యాను ఒకటి వచ్చింది, చెయ్యి ఊపినా, నీళ్లు సిమ్మి పొయింది. ఇంగ ఎవురుండారు? రెడ్డెప్ప మదనపల్లి కోర్టు తావ ఉంటాడు. మాకెంత పడకపొయినా ముసలామె ప్రాణం అంటే వస్తాడు.

"రెడ్డెప్పా, పదో రాయి తావ ఉండా. బయ్యమ్మకి బాగలేదు. బండి తీసుకుని రా."

"యాడికీ పోవద్దు" అన్నాడు. "పది నిమిషాలు. మదనపల్లిలోనే ఉండా."

ఫోను పెట్టి డిక్కీ తెరిచినా. మ్యాటు ఎత్తినా. ఎడం పక్క, నిండు బొట్టు. నడాన, నిండు బొట్టు. కుడి పక్క రంధ్రంలోంచి వాననీళ్లు పారతా కనపడినాయి, దాని అంచున సగం బొట్టు. బయ్యమ్మ మజ్జాన్నం పన్నెండూ యాభైకి నా కండ్ల ముందరే పెట్టిన బొట్టు. బుస్సుమని వినపడింది టైరు గాలి కాదు, లిఫ్టు దిగిన శబ్దం. పొగ కమురు తెలీకుండా లోపల నిమ్మకాయ సెంటు కొట్టినాడు, గిరీష్‌కి కొట్టినట్టే. నేను తల ఊపి తీయించిన క్యాట్ డబ్బా ఉండుంటే పొగలో ఇంత విషం ఉండదు. మా ఊర్లలో కారులో నిమ్మకాయ వాసన వస్తే అనుమానించేవాళ్లు ఎవురుండారు?

ఫోటో తీసినా. వాన చినుకు పడి మొదటిది చెడిపొయింది. రెండోది సరిగ్గా పడింది. పొద్దన్నది, ఇది, నోటుబుక్కు ఆదివారం పేజీ ఫోటో, మూడూ సౌమ్యకి పంపినా. పంపే గుర్తు గుండ్రంగా తిరుగుతానే ఉండాది.

నాలుగు నిమిషాలకి బండి వెలుతురు కనపడింది. అమ్మయ్య అనుకున్నా.

తరవాత సూసినా. ఆ వెలుతురు పుంగనూరు పక్కనుంచి వస్తాండాది.

తెల్లజీపు. మాకు పది అడుగుల్లో ఆగింది. డ్రైవరు పక్క జయచంద్ర దిగినాడు. ఇటు పక్క తలుపు తెరుచుకుని ముందు ఒక నల్లగొడుగు విచ్చుకుంది, దాని కింద తెల్లచొక్కా.

"ఏమి ఈశ్వరప్పా" అన్నాడు రెడ్డెప్ప. "తలనొప్పి తగ్గిందా?"

నాకు తలనొప్పి అని నేను ఎవురికీ చెప్పలా. కుప్పం పోతాండానని చెప్పింది కూడా ఒక్కరికే, పొద్దన్నే, రైసుమిల్లు గేటు తావ. సంచి బండిలో లేదని చెప్పింది కూడా ఆ ఒక్కడే.

"సంచి నువ్వు తీసినావు, వీడి దగ్గర డబ్బులు తిని" అన్నా. నాలిక మొద్దుబారి ఉండాది.

"బండి తావకి మొదట చేరినోడికి దొరుకుతాది. నోటుబుక్కు ఇటియ్యి. ముసలామెని జీపులో ఎక్కిద్దాం, ఆస్పత్రికి పోదాం. ఇద్దరూ బాగుంటారు."

జయచంద్ర ఆయన మాట వినకుండా నేరుగా నా డిక్కీ వైపు నడస్తాండాడు. నేను దాన్ని మూసి, దాని మీద ఆనుకుని నిలబడినా. ఆయన చెయ్యి సాపి నా భుజం పట్టుకున్నాడు, పక్కకి లాగేదానికి.

రాయి తావనుంచి సన్నగా గొంతు వినపడింది.

"ఆ చెయ్యి సూడప్పా."

బయ్యమ్మ కండ్లు తెరిచి ఉండాది. తల ఎత్తలేక, నా భుజం మీదుండే వేళ్లని మాత్రం సూస్తాండాది. అంత వానలో కూడా బొటనవేలు, పక్క వేలు పచ్చగానే ఉండాయి.

"అది చిత్రాన్నం పసుపు గాదు. చిత్రాన్నానిదైతే ఈ వానకి పొయ్యుండు. అది నాది."

జయచంద్ర చెయ్యి వెనక్కి తీసుకున్నాడు, కాలినట్టు. రెడ్డెప్ప వైపు సూసినాడు. రెడ్డెప్ప దావకి అటూ ఇటూ సూసి, గొడుగు మడిచి, చెక్కపిడి పక్క కిందికి వచ్చేలా తిప్పి పట్టుకున్నాడు.

ముందు ఆయన నా వైపు రాలా. బయ్యమ్మ వైపు నడిచినాడు.

నా గుప్పిట్లో ఫోను వెలిగింది. సూసినా. మూడు ఫోటోల పక్కనా ఒక్కొక్క టిక్కే ఉండాది, నా ఫోను దాటినాయిగానీ సౌమ్యకి ఇంకా చేరలా.